ఉచిత ఉపన్యాసం దండుగేనా?

ఒక సందేశం కొన్నాళ్ళుగా వాట్సాప్‌లో చక్కర్లు కొడుతోంది. గ్రంథాలయాల్లో, సభామందిరాల్లో దేశ చరిత్ర మీద, ప్రభుత్వ విధానాల మీద పెట్టే ఉచిత ఉపన్యాసాలు శుద్ధ దండుగట. ఊరికే దొరికేదానికి విలువ ఉండదు, వచ్చేది పింఛనుదారులే, అంతా ఫోనులోనే ఉంది, ఉపన్యాసాలతో ఏనాడూ ఏదీ మారలేదు అని అందులోని నాలుగు ముక్కలు. నాకు ఆరుగురు పంపారు. వారిలో ఇద్దరు నిరుడు నా పక్కన కూర్చుని ఉపన్యాసం విన్నవారే!

చివరి ముక్కతో మొదలుపెడతాను. నాలుగింటిలోకీ అదే పచ్చి అబద్ధం. 1907 ఏప్రిల్‌లో బెంగాలు జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు తిరిగారు. చేసిందల్లా మాట్లాడటమే. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ప్రసంగాన్ని చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించారు. భరతఖండాన్ని పాడియావుతో పోల్చిన చిలకమర్తి పద్యం, నేటికీ పెద్దలు నోటికి అప్పజెప్పేది, ఆ సభల్లో పుట్టిందే. తరువాత వందేమాతరం అన్న విద్యార్థుల మీద వేటు పడింది. అలా చదువు పోగొట్టుకున్నవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. మరుసటి ఏడాది పత్రికా రచనకు జైలుకు వెళ్ళిన ఆయనే తరువాత గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకున్నారు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. ఇదంతా ఒక్క పాల్‌గారి గొంతు మహిమేనని అనను. బ్రిటిషువారు బెంగాలును రెండుగా చీల్చిన వంగ విభజన మీద కోపం ముందునుంచే రగులుతోంది. ఆ కోపానికి మన ఊళ్ళలో మాట దొరికింది మాత్రం ఆ సభల్లోనే.

పాలకులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. రాజద్రోహ సభలను అరికట్టే చట్టాన్ని బ్రిటిషు ప్రభుత్వం తెచ్చింది ఆ 1907లోనే. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు శాసించింది. దండుగ పనికి ఇంత కాపలా ఎవరు పెడతారు?

ఇక ఊరికే దొరికేదానికి విలువ లేదన్న మాట. వినేవారికి ఊరికే కావచ్చు, ఎవరో ఒకరు ఖర్చు భరిస్తూనే ఉంటారు. లండన్‌లో థామస్ గ్రేషం అనే వర్తకుడు తాను కట్టించిన రాయల్ ఎక్స్ఛేంజి అనే వర్తక భవనం అద్దెల మీద ఉచిత ఉపన్యాసాలు నడిచేలా వీలునామా రాశాడు. 1597లో మొదలైన ఆ గ్రేషం కళాశాల పరీక్షలు పెట్టదు, పట్టాలు ఇవ్వదు. ఉపన్యాసాలు నేటికీ ఉచితమే. 1660 నవంబరు 28న అక్కడ క్రిస్టఫర్ రెన్ ఖగోళశాస్త్రం మీద ప్రసంగించాక కొందరు అక్కడే కూర్చుని ఒక సంఘం పెట్టుకోవాలనుకున్నారు. అదే నేటి పేరున్న శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ అయింది.

పింఛనుదారులే వస్తారన్నది చాలావరకు నిజం. అయితే ఏమిటి? ఒకసారి సాగునీటి విధానం మీద ప్రసంగం విన్నాను. వక్త లెక్కలన్నీ చక్కగా చెప్పారు. చివరి వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, తాను లస్కరుగా, అంటే నీటి పంపకం చూసే చిరుద్యోగిగా, పనిచేసిన కాలువలో చివరి తూముకు నీరు ఏనాడూ వక్త చెప్పిన తేదీకి అందలేదని అన్నారు. వక్త కాగితాలు పక్కన పెట్టి ఆయననే అడగడం మొదలుపెట్టారు. ఆ పావుగంట కోసమే ఆ సాయంత్రం గుర్తుండిపోయింది. ప్రవేశ రుసుము రెండు వందలు పెట్టి ఉంటే ఆయన గుమ్మం తొక్కేవారా?

ఫోను సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. వీడియోలు నేనూ చూస్తాను, కానీ లస్కరుగారు లేచి నిలబడితే వీడియో ఆగి జవాబు చెప్పదు.

సందేశంలో ఒక మూల ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఆరింటికన్న సభ ఏడింటికి మొదలవుతుందనీ, అతిథులను వేదిక మీదికి పిలవడం, శాలువాలు కప్పడం అయ్యేసరికి వక్తకు ఇరవై నిమిషాలు మిగులుతాయనీ. దాని కింద మాత్రం నేనూ సంతకం పెడతాను.