న్యూక్లియస్ అకంబెన్స్ వారికి పౌర సన్మానం

రెండు తెలుగు రాష్ట్రాల్లో శాలువా కప్పడానికి కొత్త మనిషి దొరకడం కష్టంగా ఉంది. కాబట్టి ఈసారి మనిషిని వదిలేసి, మనిషి తలలోని ఒక చిన్న భాగాన్ని సన్మానించాలని ప్రతిపాదిస్తున్నాం. మెదడు లోతట్టున కుడివైపొకటి, ఎడమవైపొకటిగా కొలువుదీరి, బహుమతి వెంట మనిషిని ఉరికించే న్యూక్లియస్ అకంబెన్స్ వారు ఇందుకు అన్ని విధాలా అర్హులు. రాత్రి రెండున్నరకి ఫోన్ గేమ్‌లో ‘ఇంకొక్క మ్యాచ్’ అనే నిర్ణయం వెలువడే ప్రతి ఇంట్లోనూ కష్టపడుతున్నది వారే. పేరు మాత్రం ఫోన్‌కీ, చెడు సావాసాలకీ, అమ్మ గారాబానికీ పోతోంది.

వారుండే పేట (మెదడులో వారి చుట్టుపక్కల ప్రాంతం) సేవలు ఆధారాలతో సహా లోకానికి తెలిసింది 1998లో. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో ఎనిమిది మంది మగవాళ్లని, మెదడులో రసాయనాల కదలికని చూపే పెట్ స్కానర్‌లో పెట్టి, 50 నిమిషాల పాటు ట్యాంకు నడిపే వీడియో గేమ్ ఆడించారు. రాక్లోప్రైడ్ అనే రేడియోధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించారు. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపే రసాయనాల్లో డోపమైన్ ఒకటి, ఆ కబురు అందుకునే గ్రాహకాలకి ఈ పదార్థం అతుక్కుంటుంది. డోపమైన్ ముందే వచ్చి కూర్చుంటే దానికి చోటుండదు. ఆడేటప్పుడు ఆ చోటు తగ్గింది, బాగా ఆడినవాళ్లలో మరీ తగ్గింది. అంటే అక్కడికి డోపమైన్ వచ్చి చేరిందన్నమాట. లెవెల్ దాటినకొద్దీ వాళ్లకి డబ్బు కూడా ఇచ్చారన్న ముక్కని మాత్రం టీవీ చర్చల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆటకి ఎంత, డబ్బుకి ఎంత అని లెక్క తేల్చాల్సి వస్తుంది కదా.

డోపమైన్ అంటే ఆనందపు రసాయనం అని నమ్మేవాళ్లు సన్మాన సభకి రానక్కర్లేదు. వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీ శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి తేలిపోయింది. అనుకోకుండా పండ్లరసం చుక్క నోట్లో పడితే కోతి నడిమి మెదడులోని డోపమైన్ కణాలు చెలరేగాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, దీపానికే చెలరేగి, రసం వచ్చినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. దీపం వెలిగినా రసం రాకపోతే మామూలు కన్నా కిందికి పడిపోయాయి. అంటే అవి కొలిచేది సుఖాన్ని కాదు, అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాని. ఆ కణాల నుంచే అకంబెన్స్ వారికి నిత్యం కబురు అందుతుంది. ఆడుతున్నవాడి మొహంలో ఆనందం మచ్చుకైనా లేకపోయినా చేతులు ఆగకపోవడంలో వింతేమీ లేదు. నోటిఫికేషన్ మోగడమే వాడికి దీపం.

2003లో షుల్ట్జ్ ప్రయోగశాలే ఇంకో విషయం చెప్పింది. బహుమతి వస్తుందో రాదో సగానికి సగం అనుమానంగా ఉన్నప్పుడే, సంకేతానికీ ఫలితానికీ మధ్య ఈ కణాల సందడి అన్నిటికన్నా ఎక్కువ. తల్లిదండ్రులు ఇది చదవలేదు. ఆటలు తయారుచేసేవాళ్లు చదివినట్టే ఉన్నారు. నీ ర్యాంకుకి సరితూగే ప్రత్యర్థులని వెతికి తెచ్చి, గెలుపుని అనుమానంలోనే ఉంచడం మ్యాచ్‌మేకింగ్ పని. మొదటి రోజుల్లో మనుషుల పేర్లు తగిలించిన బాట్‌లని, అంటే కంప్యూటరే ఆడించే బొమ్మల్ని, ఎదురుగా పంపి నాలుగు కిల్స్ చేయనిస్తారు, తర్వాతే అసలు లోకం చూపిస్తారు. వందమంది దిగే బ్యాటిల్ రాయల్‌లో గెలిచేది ఒక్క జట్టే. కానీ రెండో స్థానంలో పోయినవాడి బాధ తొంభయ్యో స్థానంలో పోయినవాడికి ఉండదు. స్లాట్ మెషీన్ మీద ఇలా తృటిలో తప్పిన గెలుపులని 2009లో స్కానర్‌లో చూశారు. గెలుపుకి స్పందించే ప్రాంతాలే వాటికీ స్పందించాయి. అవి చిరాకనిపించాయని ఆడినవాళ్లే చెప్పారు, ఆడాలన్న కోరిక పెరిగిందనీ వాళ్లే చెప్పారు. ఇక యూసీ (ఆటలో చెల్లే డబ్బు) కొని క్రేట్ (లోపలేముందో తెలియని పెట్టె) తెరవడం: ఎన్నోసారికి మంచి స్కిన్ (ఆటలో వేసుకునే వేషం) పడుతుందో తెలియకుండా ఉంచే ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లోనే పావురాలతో పరీక్షించి గ్రంథస్థం చేశారు. పావురాల దగ్గర యూపీఐ లేకపోవడం వల్ల ఆ పరిశోధనకి అప్పట్లో రాబడి లేదు.

వేదిక మీద కుర్చీ దక్కని ఒకాయన గురించి కూడా చెప్పాలి. నుదుటి వెనక ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ‘ఇక చాలు’ అనడం ఆయన ఉద్యోగం, కానీ ఆయన శిక్షణ పాతికేళ్ల వయసు దాకా పూర్తికాదు. అక్షరాలు వరసగా వస్తుంటే అన్నిటికీ బటన్ నొక్కి, ఒక్కదానికి మాత్రం చెయ్యి ఆపుకోమనే పరీక్ష ఉంది. గేమింగ్ రుగ్మత ఉన్నవాళ్లు సగటున ఇందులో ఎక్కువగా తప్పు నొక్కుతున్నారని చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఇప్పుడు ఐదొందలా, నెల తర్వాత వెయ్యా అంటే ఐదొందల వైపే మొగ్గుతారు. దీని మీద ఇంటర్ కాలేజీలు ఆలోచించాలి. అక్కడ తెల్లారిన దగ్గర్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, అసలు ర్యాంకు రెండేళ్ల తర్వాత. ఆటలో అరగంటకో ర్యాంకు. ఐదొందలు ఎవరిస్తున్నారో తెలుస్తూనే ఉంది.

అలాగని ‘గేమ్స్‌తో మెదడు కుళ్లిపోతుంది’ అని మైకు పట్టుకునే వక్తలని పిలవడం లేదు. యాక్షన్ గేమ్స్ ఆడేవాళ్ల చూపు ఒకేసారి ఎక్కువ వస్తువుల మీద నిలుస్తుందని 2003లోనే నేచర్ పత్రికలో వచ్చింది. పైగా రుగ్మత ఉన్నవాళ్ల మీద జరిగిన స్కాన్ అధ్యయనాలు ఎక్కువభాగం ఒక్కసారి తీసిన ఫొటోలు. ఆట వల్ల మెదడు అలా అయిందో, అలాంటి మెదడు ఉన్నవాడే ఆటలో చిక్కాడో ఫొటో చెప్పదు. దిగులు, ధ్యాస కుదురుగా నిలవని ఏడీహెచ్‌డీ ముందునుంచే ఉండి, ఆట వాటికి దుప్పటిగా మారిన సందర్భాలూ తక్కువేం కాదు. మార్కులు తగ్గిన ప్రతివాడూ రోగి కాడు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ప్రకారం రుగ్మత అనాలంటే ఆట మీద అదుపు తప్పాలి, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావాలి, నష్టం జరుగుతున్నా ఆట ఆగకుండా సాగుతుండాలి. ఇది సాధారణంగా 12 నెలలు సాగాలి, చదువో ఉద్యోగమో సంబంధాలో గట్టిగా దెబ్బతినాలి. రోజుకి ఇన్ని గంటలు అని ఆ నిర్వచనంలో లెక్కే లేదు.

సన్మాన సంఘానికి భారీ విరాళాలు మాత్రం ఇళ్ల నుంచే అందుతున్నాయి. మ్యాచ్ మధ్యలో రౌటర్ పీకే నాన్నలు ప్రథమ దాతలు. రసం రాని దీపం అంటే అదే. పైగా స్క్వాడ్‌ని మధ్యలో వదిలిన అపకీర్తి, పడిపోయిన ర్యాంకు. వాటిని తిరిగి తెచ్చుకోవడం అనే కొత్త పని నాన్నగారే అప్పగించినట్టు. అమ్మల దానం ఇంకా గొప్పది. తొమ్మిదిసార్లు ‘ఇవ్వను’ అని, పదోసారి ‘సరే, పదినిమిషాలే’ అంటారు. మర్నాడు నాలుగోసారికే ఇస్తారు, ఎల్లుండి పద్నాలుగోసారికి. క్రేట్‌లో వాడిన సూత్రమే ఇది. అడగడం మానకూడదని పిల్లవాడికి ఇంతకన్నా బాగా ఎవరూ నేర్పలేరు.

వారి పరువుకి భంగం కలిగించే పనులు కొన్ని అక్కడక్కడా జరుగుతున్నట్టు సంఘం దృష్టికి వచ్చింది. గడియారంతో కాకుండా మ్యాచ్‌ల లెక్కన హద్దు పెట్టి, రెండో మ్యాచ్ ముగిసి లాబీ తెర రాగానే ఫోన్ తీసుకుంటున్నారట. ఆట నోటిఫికేషన్లన్నీ ఆపేసి, ఐకాన్‌ని మొదటి తెర మీద నుంచి తీసేసి దీపమే వెలగకుండా చేస్తున్నారట. కార్డు వివరాలు చెరిపేసి, ఛార్జర్‌ని పడగ్గదిలోంచి హాల్లోకి మార్చి, సాయంత్రం షటిల్ ఆటకి తోడు వెళ్తున్నారట. అదుపు నిజంగా తప్పినచోట సైకియాట్రిస్టు దగ్గరికీ, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇందుకోసమే నడుస్తున్న షట్ క్లినిక్‌కీ తీసుకెళ్తున్నారట. అక్కడ ఆడాలనే కోరిక ఏ వేళ, ఏ దిగులుకి పుడుతోందో రాయించి చూస్తారు.

ఒక్క చోట మాత్రం సంఘానికి ఆశ మిగిలే ఉంది. అలవాటైన బహుమతి ఆగిపోతే ప్రవర్తన తగ్గే ముందు ఒకసారి ఎగసిపడుతుంది: అరుపులు, తలుపులు బాదడం, అన్నం మానెయ్యడం. మొదటి వారం ఇంట్లో నిలవడం కష్టం. చాలామంది అక్కడే జాలిపడతారు. నాలుగో రోజు రాత్రి ఫోన్ చేతికిచ్చారా, నాలుగు రోజులు అరిస్తే చాలునని అకంబెన్స్ వారు రాసిపెట్టుకుంటారు.