వదినా మరదళ్ల మక్క పంచాయితీ

జులై రెండో వారం, న్యూజెర్సీ. మా చెల్లెలు జగిత్యాల నుంచి నెల రోజులకని వచ్చింది. ఎడిసన్‌లో మా ఇంటికి అరగంట దూరంలో ఒక రైతు రోడ్డు పక్కన బల్ల వేసి, పొద్దున కోసిన స్వీట్ కార్న్ అమ్ముతాడు. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా అక్కడే కొంటుంది. ఆవిడది తెనాలి, మొక్కజొన్న కంకిని పొత్తు అంటుంది. చెల్లెలు మక్క బుట్ట అంటుంది. ఆ బల్ల దగ్గర మొదలైన గొడవ మా వంటింటి దాకా వచ్చింది. కారు నడపడం, మూకుడు దగ్గర నిలబడటం తప్ప ఇందులో నా పాత్రేమీ లేదు.

వదిన: అంతమందిలో పరువు తీశావు కదే! పొత్తు చేతిలోకి తీసుకోవడం, ఆకులు సర్రున చీల్చేయడం. పక్కనున్న ముసలాయన ఎలా చూశాడో గమనించావా?

మరదలు: చూడకుండా ఎట్లా కొంటారు వదినా? వంకాయ కొన్నా పుచ్చుందేమోనని తిప్పి చూస్తాం. మా అంగట్లో అయితే బుట్ట మీది ఆకు కొంచెం జరిపి గింజ మీద గోరు నొక్కుతాం. పాలు చిమ్మితే లేత, లేకపోతే ముదురు. ఎవరూ ఏమీ అనరు.

వదిన: అందరూ గోళ్లు నొక్కి పోతే తర్వాత వచ్చినవాడు ఏం కొనాలి? ఆకు తీసిన పొత్తు మధ్యాహ్నానికి వాడిపోతుంది. దీనికి కళ్లక్కర్లేదు, బొటనవేలు చాలు. ఆకుల పైనుంచే కొస దాకా తడిమితే గింజ నిండిందో లేదో తెలుస్తుంది. పీచు కొస గోధుమ రంగుకు తిరిగి, చేతికి కాస్త జిగటగా తగలాలి. అడుగున కోసిన చోట తడిగా, తెల్లగా ఉండాలి. అక్కడ ఎండి రంగు మారిందంటే అది నిన్నటిది.

మరదలు: నువ్వు అంత తడిమి తెచ్చిన పన్నెండింటిలో రెండు కొస దగ్గర బోసి.

వదిన: బోసి అయితే చెడిపోయినట్టా? ఒక్కో పీచు పోగు ఒక్కో గింజది. ఏ పోగుకు పుప్పొడి అందలేదో ఆ గింజ కట్టదు. కొసన ఉండే గింజల పోగులు అన్నిటికన్నా ఆలస్యంగా బయటికొస్తాయి, అందుకే అక్కడే ఖాళీలు. రుచికేం లోటు లేదు.

మరదలు: మరి ఒకదాన్లో పురుగు?

వదిన: కొస రెండంగుళాలు విరిచి పారెయ్. మందు తక్కువ కొట్టాడని సంతోషించు.

మరదలు: సరే, అది వదిలెయ్. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా పొయ్యి వెలిగించావు, ఎవరు తరుముతున్నారని?

వదిన: పొత్తు కోసిన దగ్గర్నుంచీ అందులో తీపి తగ్గడం మొదలవుతుంది, చక్కెర పిండిగా మారిపోతుంది. పాత రకాలైతే ఈ ఎండకు బయట పెడితే ఒక్క రోజులో సగం తీపి పోయినట్టే. అందుకే రాగానే వండాలి, లేదంటే ఆకులతోనే ఫ్రిజ్‌లో పెట్టాలి. మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు, అంతే. ఒక్కటే కావాలంటే ఆకులతోనే మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాలు పెట్టి, అడుగు కోసేసి, కొస పట్టుకుని విదిలిస్తే పీచంతా ఆకులకే ఉండిపోయి పొత్తు నున్నగా జారి పడుతుంది.

మరదలు: నాలుగు నిమిషాలు వేడినీళ్లలో ముంచితే అది వంటా, స్నానమా? మక్క బుట్టంటే బొగ్గుల మీద పెట్టి విసనకర్రతో విసరాలి. గింజ టప్పుమని పేలాలి, అక్కడక్కడా మాడాలి. నిమ్మచెక్క ఉప్పూకారంలో అద్ది గట్టిగా రుద్దాలి. పళ్లకి పని ఉండాలి వదినా. ఇది కొరికితే చక్కెర నీళ్లు గడ్డం మీద కారుతున్నాయి.

వదిన: మొన్న కాల్చావుగా గ్యాస్ మీద! గింజ మాడకముందే ముడతలు పడింది. పైగా స్మోక్ అలారం మోగి వీధంతా తెలిసింది. మీ అన్నయ్య స్టూలెక్కి తువ్వాలుతో విసిరాడు.

(నిజమే. విసనకర్ర పని నాకే పడింది.)

మరదలు: తప్పు నాది కాదు, బుట్టది. అన్నీ నీళ్లే అయితే ఏం కాలుతుంది?

వదిన: మరి కరీంనగర్, నిజామాబాద్‌లలో అంత మక్క పండిస్తారు కదా, చాలావరకు ఎవరు తింటున్నారు? కోళ్లు!

మరదలు: కోళ్లకన్నా ముందు మేం తింటాం. ఆగస్టు, సెప్టెంబరులో చేను పాలు పోసుకున్నప్పుడు ఏ ఇంట్లో చూసినా బుట్టలే. ఎండినవి కోళ్లకి. ఆ కోడిని మళ్లీ గారెల్లోకి కూర వండుకుంటాం. నష్టమెక్కడుంది?

వదిన: అసలు మీ మక్క పుట్టిందే ఈ ఖండంలో, మెక్సికోలో. సుమారు 9,000 ఏళ్ల కిందట.

మరదలు: మిరపకాయ కూడా ఇటువైపుదే కదా. పుట్టిల్లు ఎక్కడైతేనేం, కాపురం మా దగ్గర బాగా చేసింది.

వదిన: తీపిని అంత చులకన చేయకు. 1950లలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో జాన్ లాఫ్నన్ అనే జన్యుశాస్త్రవేత్త, ఎండి ముడుచుకుపోయే ఒక రకం గింజల మీద పని చేస్తూ వాటిని నోట్లో వేసుకున్నాడట. చాలా తియ్యగా తగిలాయి. ఇవాళ్టి సూపర్ స్వీట్ రకాలు అక్కడి నుంచి వచ్చినవే. కోశాక కూడా రోజుల తరబడి తీపి నిలుస్తుంది.

మరదలు: ఆ గింజ ఎందుకు ముడుచుకుపోయింది?

వదిన: చక్కెరను పిండిగా మార్చే జన్యువు సరిగా పనిచేయక. లోపల పిండి తక్కువ, అందుకే ఎండితే ముడుచుకుంటుంది.

మరదలు: అంటే దానికి షుగర్ జబ్బు!

(నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.)

వదిన: మీరిద్దరూ ఒకటే రక్తం, నాకు తెలుసు.

మరదలు: నేనడిగింది ఒక్కటే వదినా, మక్క గారెలు. పోయినేడు నువ్వు చేసి ఫొటో పంపావు. బియ్యప్పిండి ఎంత కలిపావో నిజం చెప్పు.

వదిన: కలపకపోతే ఎలా? రుబ్బితే జావలా వచ్చింది. నూనెలో వేయగానే విడిపోయింది. రెండు గుప్పెళ్లు పోశాక గానీ నిలబడలేదు.

మరదలు: అప్పుడవి మక్క గారెలు కావు, బియ్యప్పిండి పకోడీలు. అందుకే ఇవాళ ఆ బల్ల వెనకున్న డబ్బా అడిగాను.

వదిన: అక్కడే నా ప్రాణం పోయింది. ముదిరిపోయాయని ఆయన ఆవులకి పక్కన పెట్టిన పొత్తులవి! డబ్బులు కూడా వద్దన్నాడు. మనం ఆవుల తిండి తీసుకెళ్తున్నామని అనుకుని ఉంటాడు.

మరదలు: నీకు పనికిరానివే నాకు కావాలి. గోరు నొక్కితే పాలు రాలేదు, మెత్తటి ముద్ద వచ్చింది. అదీ గారెల గింజ. చాకుతో బెండు మీంచి కోసి, నీళ్ల చుక్క పోయకుండా బరకగా రుబ్బాను. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిపాయ, కొత్తిమీర. మీ జిప్‌లాక్ కవరు చింపి, తడి చేసి, దాని మీద తట్టి వేశాను. ఒక్కటైనా విడిపోయిందా?

వదిన: శనగపప్పు సంగతేంటి?

మరదలు: ఏ శనగపప్పు?

వదిన: నానబెట్టి రుబ్బిన శనగపప్పు. గిన్నె సింకులో ఉంది.

మరదలు: గుప్పెడే. అది రుచికి.

వదిన: నా బియ్యప్పిండి అతుకూ, నీ శనగపప్పు రుచీనా!

మరదలు: మా అమ్మ కూడా వేస్తుంది. ముందు తిను, తర్వాత మాట్లాడు.

వదిన: (రెండోది తీసుకుంటూ) తియ్యగానే ఉన్నాయి. కానీ పైన తొందరగా ఎర్రబడి లోపల కాస్త పచ్చిగా ఉన్నాయి. ఈ చక్కెరకు మంట తగ్గించాలి.

మరదలు: మూకుడు దగ్గర నిలబడింది అన్నయ్య. నన్నంటావేం?

(నా దగ్గర సమాధానం లేదు. అప్పటికి నేను నాలుగోది తింటున్నాను.)

మరదలు: వదినా, ఆ డబ్బా రేపు కూడా పెడతాడా?

వదిన: అడుగుతాను. నువ్వు మాత్రం కారు దిగకు.