ఒంటికొమ్ము గిటారుకు ఒక ఉత్తరం

మెడ పక్కన ఒకవైపే కొమ్ము మొలిచిన చిరంజీవి ఒంటికొమ్ము ఎలక్ట్రిక్ గిటారును ఆశీర్వదించి వ్రాయునది. నీ మూడో తీగ తప్ప ఇక్కడ అందరం క్షేమం.

పాతికవేలకు రెండు వందలు తక్కువ పెట్టి నిన్ను తెచ్చుకుని ఎనిమిది నెలలైంది. పెట్టె తెరవగానే నీ ముఖం మీది పులిచారలు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. మొన్న తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్ మరలు విప్పి లోపలికి తొంగిచూశాను. ఆ చారలు చెక్కవి కావు, చెక్క మీద అతికించిన కాగితమంత పొరవి. దాని కింద ఊరూ పేరూ లేని పాలిపోయిన కలప. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

నువ్వు ఎవరి పోలికతో తిరుగుతున్నావో నాకు తెలుసు. గిబ్సన్ కంపెనీ వారి లెస్ పాల్ అనే గిటారు. 1952లో బంగారు రంగుతో పుట్టాడు. 1957లో హంబకర్ పికప్‌లు పెట్టుకున్నాడు. వాటిలో రెండు తీగచుట్టలు ఒకదాని గురగురను మరొకటి మింగేస్తాయి. మరుసటి ఏడు పొద్దుగూకే ఆకాశం రంగు పూసుకున్నా ఆయన్ను పెద్దగా ఎవరూ కొనలేదు. 1961లో కంపెనీ ఆ ఆకారాన్నే పక్కన పడేసింది. తర్వాత ఇంగ్లండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ లాంటి కుర్రవాళ్లు ఆ పాత సరుకునే ఆంప్లిఫయర్‌కు తగిలించి చెవులు చిల్లులు పడేలా మోగించారు. 1968లో ఆయన్ను మళ్లీ పిలిపించక తప్పలేదు. ఆనాడు అమ్ముడుపోనివి ఇప్పుడు కోట్లు పలుకుతున్నాయి. అలాంటి ఇంట పుడితే గీర ఉండవలసిందే. నువ్వు ఆ ఇంట పుట్టలేదు కదా! ఆ ఇంటి చవక తమ్ముళ్లు ఎపిఫోన్ పేరుతో వేరే ఉన్నారు.

ఒక్క విషయంలో మాత్రం నీ నిజాయతీని మెచ్చుకోవాలి. పెద్దాయన సుగుణాలు సగమే తెచ్చుకున్నా, రోగాలు ఒక్కటీ వదలలేదు. బరువు నాలుగు కిలోల పైమాట. బియ్యం సంచి మోయమంటే నడుం నొప్పి అనే నేను నిన్ను గంటసేపు భుజానికి తగిలించుకోవడం మా ఇంట్లో ఇప్పటికే చర్చనీయాంశం. తల వెనక్కి వంగి ఉంటుంది. సరిగ్గా అక్కడే, మెడ లోపలి ఇనుప కడ్డీ కోసం, చెక్క తవ్వేశారు. ఒక్కసారి కింద పడితే మెడ విరగడం మీకు వంశపారంపర్యం.

ఇక మూడో తీగ. బిరడలు అటు మూడు, ఇటు మూడు కాబట్టి, మెడ చివర తీగలు ఆనే గాళ్ల ముక్కను, అంటే నట్‌ను, దాటగానే ఆ తీగ పక్కకు వంగుతుంది. సాగదీసి వదిలితే గాడిలో ఇరుక్కుంటుంది, శ్రుతి పోతుంది. నిన్న రాత్రి తీగను పక్కకు తప్పించి, మా అమ్మాయి డబ్బాలోంచి మెత్తటి పెన్సిల్ తీసి, గాడి నల్లబడేదాకా, ముక్కు అరిగేదాకా రుద్దాను. టిక్కుమనే చప్పుడు ఆగింది. పది రూపాయల పెన్సిల్ పాతికవేల పరువు కాపాడింది.

అబద్ధం ఎందుకు, నీకూ మంచి రోజులున్నాయి. ఫెండర్ కంపెనీ గిటార్లవి ఎక్కువగా 25.5 అంగుళాలైతే నీ తీగల నిడివి 24.75 అంగుళాలే. అందుకే నా మొద్దు వేళ్లకు కూడా తీగ మెత్తగా సాగుతుంది. రొద పెంచి, తీగలు ఒంటి మీద ఆనే బ్రిడ్జి దగ్గరి పికప్ మీద, లావు తీగలను అరచేతి అంచుతో అదిమి కొడితే కిటికీ అద్దం కూడా తాళం వేస్తోంది. వాల్యూమ్ కాస్త తగ్గించానా, దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు ముద్ద ముద్దగా పలుకుతావు. పది మీద ఉంటే పులి, ఆరు మీద ఉంటే పడిశం పట్టిన పిల్లి.

వచ్చే నెల జీతం రాగానే ఎముకతో చేసిన నట్ వేయిస్తాను. ఆ తర్వాత బిరడలు, ఆ తర్వాత పికప్‌లు, లోపలి వైర్లు. అన్నీ కాగితం మీద కూడి చూస్తే మొత్తం నీ ధరను దాటింది. ఆ కాగితం మా ఆవిడ కంట పడకుండా నీ వీపు మీది మూత విప్పి లోపల పెట్టాను. భద్రంగా చూసుకో.

ఇట్లు,
నీ భారం మోస్తున్నవాడు