వందమందికి సరిపోయే లెక్క ఒక్కరికి సరిపోతుందా?

కొన్ని కొలతలనుబట్టి ఒక అంకెను అంచనా వేసే గణాంక పద్ధతి లీనియర్ రిగ్రెషన్. దాన్ని నేర్చుకునేవాళ్లలో చాలామంది చేతిలో పడే డేటా ఒకటుంది. 442 మంది డయాబెటిస్ రోగుల వయసు, లింగం, బీఎంఐ, సగటు బీపీ, ఆరు రక్తపరీక్షల ఫలితాలు అందులో ఉంటాయి. ఏడాది తర్వాత జబ్బు ఎంత ముదిరిందో చెప్పే స్కోరును వీటినిబట్టి అంచనా వేయాలి. 2004లో గణాంక శాస్త్రవేత్త ఎఫ్రాన్ బృందం తమ పరిశోధన పత్రంలో వాడిన ఈ డేటా ఇప్పుడు పైథాన్‌లో ఇలాంటి మోడళ్లు కట్టేందుకు వాడే సైకిట్-లెర్న్ లైబ్రరీతోపాటే వస్తుంది. నాలుగు లైన్ల కోడ్ రాస్తే మోడల్ రెడీ. చిక్కంతా ఆ తర్వాతే.

పది అంశాలూ కలిపినా ఆర్-స్క్వేర్డ్ 0.52 దగ్గరే ఆగుతుంది. అంటే రోగుల స్కోర్లలో ఉన్న తేడాల్లో సుమారు సగానికే మోడల్ లెక్క చెప్పగలిగింది. ఒక్క బీఎంఐతోనే 0.34 వస్తుందన్నది వేరే ముచ్చట. స్కోర్లేమో 25 నుంచి 346 దాకా ఉన్నాయి, మోడల్ సాధారణంగా 54 అటూఇటూ తప్పుతుంది. కాబట్టి ఒక రోగికి 150 అని చెప్పిందంటే, 95 శాతం భరోసా కావాలనుకుంటే 45 నుంచి 255 దాకా ఏదైనా కావచ్చు. ఇంత వెడల్పు జోస్యానికి రక్తం ఇవ్వడమెందుకని ఆ రోగి అడిగితే తప్పేముంది? అదే ఇలాంటి రోగులు వందమంది సగటు అడగండి, తప్పు అయిదారుకు దిగుతుంది. ఆరోగ్య శాఖల ప్రణాళికకు అది బాగానే పనికొస్తుంది. ఫోన్ యాప్‌లో ఒక్క మనిషికి ఒకే అంకె చూపించడమే నాకు నచ్చనిది.

గుణకాలు, అంటే ఒక్కో అంశానికి మోడల్ ఇచ్చే బరువులు, చదవడం ఇంకా ప్రమాదం. ఈ మోడల్‌లో మొత్తం కొలెస్ట్రాల్ గుణకం మైనస్‌లో, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ది ప్లస్‌లో వస్తాయి. కొలెస్ట్రాల్ పెరిగితే మంచిదని హెడ్డింగ్ పెట్టేయొచ్చన్నమాట! అసలు సంగతేమిటంటే, మొత్తం కొలెస్ట్రాల్‌లో పెద్ద వాటా ఎల్‌డీఎల్‌దే. రెండూ కలిసే పెరుగుతాయి, ఈ డేటాలో వాటి సహసంబంధం (పూర్తిగా కలిసి నడిస్తే అది 1) దాదాపు 0.9. ఏ ప్రభావం ఎవరిదో తేల్చుకోలేక మోడల్ ఒకదానికి ఎక్కువిచ్చి రెండోదాంట్లో కోసేస్తుంది. కొందరు రోగులను తీసేసి మళ్లీ నడిపిస్తే ఈ రెండు గుణకాలూ బాగానే ఊగుతాయి, అంచనాలు మాత్రం పెద్దగా కదలవు. అంచనాకు పనికొచ్చిన మోడల్ కారణం చెప్పడానికి పనికిరాదనేది ఇందుకే.

మందుల సంగతి మరీ మోసం. మాత్ర వేసుకునేవారి బీపీ రీడింగు తక్కువగానే కనిపిస్తుంది, గుండెకు ముప్పు మాత్రం అసలు బీపీ సమస్యే లేనివారికన్నా ఎక్కువే ఉండొచ్చు. మోడల్‌కు రీడింగు తప్ప మాత్ర కనిపించదు. ఈ 442 మంది డేటాలోనూ మందుల కాలమ్ లేదు. అది లేని ఆసుపత్రి డేటాతో ఎవరైనా మోడల్ కట్టి తెస్తే, ఆర్-స్క్వేర్డ్ ఎంతని కూడా నేను అడగను.