సవరణ: ఎక్స్‌రే అయ్యాక పిల్లల్ని దూరంగా ఉంచక్కర్లేదు

మొన్నటి పోస్టులో "ఎక్స్‌రే, స్కానింగ్ అయ్యాక రెండు రోజులు పసిపిల్లల్ని ఎత్తుకోకండి" అని రాశాను. అది తప్పు. అది నమ్మి మా పక్కింటి పెద్దమ్మ ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని వచ్చి, మనవడు చేతులు చాచి ఏడుస్తున్నా గుమ్మం దగ్గరే నిలబడిపోయిందట. తెలిసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆవిడకు వెళ్లి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఎక్స్‌రే లైటు లాంటిది. మెషీన్ ఆగగానే ఒంట్లో ఏమీ మిగలదు. సీటీ స్కాన్ కూడా అంతే. థైరాయిడ్ జబ్బులకు ఇచ్చే అయోడిన్-131తో నేను కలగాపులగం చేశాను. అక్కడ మందే రేడియోధార్మికం, అంటే ఒంట్లోకి వెళ్లాక కూడా రేడియేషన్ వెదజల్లుతూనే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 8 రోజులు పడుతుంది, మూత్రంలో, చెమటలో బయటికొస్తుంది. అందుకే వాళ్లు డాక్టరు చెప్పినన్నాళ్లు పిల్లలకు, గర్భిణులకు ఎడంగా ఉండాలి. అలాంటి రేడియోధార్మిక మందునే కొద్దిగా ఇంజెక్షన్ ఇచ్చి చేసే పెట్ స్కాన్‌కైతే కొన్ని గంటల జాగ్రత్త చాలు. ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్‌లలో ఈ రేడియేషన్ అసలు ఉండదు.

అలాగని ఎక్స్‌రేకి ప్రభావమే లేదనుకోకండి. కిరణం దూసుకెళ్లే ఆ క్షణంలోనే కణంలోని డీఎన్ఏ పోగులు తెగొచ్చు. చాలావాటిని కణమే అతికించుకుంటుంది. వంకరగా అతుక్కున్నది ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది. ఒంటికి అందే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రే డోసు దాదాపు 0.1 మిల్లీసీవర్ట్, పొట్ట సీటీది 8 నుంచి 10. ప్రకృతి నుంచి ఏడాదికి మనకు సగటున 2.4 ఎలాగూ అందుతుంది. కాబట్టి డాక్టరు ఎక్స్‌రే రాస్తే టెన్షన్ పడకండి. సీటీ అయితే మాత్రం ఎందుకో అడగండి, పాత రిపోర్టు ఉంటే ముందు అది చూపించండి.