చెక్క చెంచాలు మా ఇంట్లోనే ఉన్నాయి

మొన్న ఇక్కడ అమెరికాలో మనవాళ్ల ఉగాది సంబరాల్లో మా పెద్దమ్మను వేదిక మీదికి పిలిచి "వీరమాత" అన్నారు. శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫొటో దిగారు. ఆమె మైకు దగ్గరికి వెళ్లేలోపే "సమయాభావం వల్ల" అన్నాడు వ్యాఖ్యాత. డీజే పాట మొదలైంది. కిందికి దిగాక ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచలేదు. పులిహోర బల్ల పక్కన కూర్చుని జ్ఞాపిక మీది అక్షరాలు వేలితో తడుముకుంది.

"వాడి పేర్లో ఒత్తు పోయింది నాయనా" అనింది.

కార్యవర్గంలో అందరూ నాకు కావలసినవాళ్లే, చెడ్డ మనసుతో చేసిందేమీ లేదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నా.

మాది ఉదయగిరి పక్కన మెట్ట పల్లె. సైన్యంలో ఉన్న పెద్దమ్మ కొడుకు, మా అన్న, కశ్మీరులో పోయినప్పుడు శవపేటిక చెన్నైలో దిగి, నెల్లూరు, ఆత్మకూరు మీదుగా ఊరు చేరేసరికి పొద్దుగూకింది. తుపాకులు పేల్చారు, జెండా మడిచి వదిన చేతిలో పెట్టారు. పేపర్లో వచ్చింది అంతవరకే. ఆ ఇంట్లో 11 రోజులు పొయ్యి వెలగలేదు. ఎవరూ చెప్పకుండానే వీధంతా వంతులేసుకుని క్యారియర్లు పంపింది. ఎదురింటి అవ్వ రోజూ వచ్చి వక్క నములుతూ పెద్దమ్మ పక్కన ఊరికే కూర్చునేది. నేను ఆచారాలను వెనకేసుకొచ్చే మనిషిని కాదు. 24 ఏళ్ల వదిన గాజులు పగలగొట్టించిందీ ఆ ఊరే. చెయ్యి తెగకుండా ముందు గుడ్డ చుట్టింది మాత్రం ఆ అవ్వే.

తర్వాత వచ్చాయి కాగితాలు. రికార్డ్స్ ఆఫీసు, సైనిక సంక్షేమ కార్యాలయం, బ్యాంకు. కుటుంబ పింఛను మొదట భార్యకే వస్తుందని పెద్దమ్మకు చెప్పినవాళ్లు లేరు. "కోడలు ఎత్తుకుపోయింది" అని నూరిపోసినవాళ్లు మాత్రం బోలెడు. మూడేళ్లు రెండిళ్ల మధ్య మాటల్లేవు. చివరికి నెల్లూరు నుంచి ఒక మాజీ హవల్దారు వచ్చి, ఇద్దరినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి, నిబంధన చదివి వినిపించాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఏడ్చారు.

ఇక్కడ అమెరికాలో అయితే కబురు చెప్పడానికి సైనికాధికారి స్వయంగా గుమ్మం ముందుకొస్తాడు, కాగితాల పనికి ఇంకో అధికారిని తోడిస్తారు. 1994లో మొదలైన ట్యాప్స్ సంస్థ సైన్యంలో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలను ఏటా మెమోరియల్ డే రోజుల్లో ఒకచోట చేర్చుతుంది. పద్ధతంటే అది. వక్క నమిలే అవ్వ మాత్రం ఇక్కడ దొరకదు. మనకు రెండూ తెలుసు కదా, మరి శాలువా దగ్గరే ఎందుకు ఆగిపోతాం?

మన దేశంలో 1949 నుంచి డిసెంబరు 7న, సైనికుల కుటుంబాల కోసం చందాలు పోగుచేసే సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నారు. ఈసారి ఆ రోజు చందాతో సరిపెట్టకండి. మనలో ఆడిటర్లున్నారు, ప్లీడర్లున్నారు. మన వైపు ఇలాంటి ఒక ఇంటి కాగితాలు చూసిపెట్టండి. అత్తాకోడళ్లిద్దరికీ చెప్పండి, ఒకరికే కాదు. బిడ్డ పోయిన తేదీ గుర్తుపెట్టుకుని ఫోన్ చేయండి.

పెద్దమ్మ వచ్చే నెల 12న ఊరికి వెళ్లిపోతోంది. కార్యవర్గంలో ఇంటికి రెండు చొప్పున ఇద్దామని ఉదయగిరి చెక్క చెంచాలు తెచ్చింది. ఆ రోజు ఇవ్వడానికి సందు దొరకలేదు. వచ్చి తీసుకెళ్లండి. వచ్చినప్పుడు ఓ అరగంట కూర్చోండి. అన్న చిన్నప్పుడు దుర్గం కొండెక్కి దిగలేక ఏడ్చిన సంగతి అడగండి, ఆమె బాగా చెబుతుంది.