పొరుగువారి మెనోరా, మన కిటికీ

యూదుల ఎనిమిది రోజుల దీపాల పండుగ హనుక్కా వచ్చిందంటే లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ గేటు ముందు భారీ మెనోరాలు, అంటే ఆ పండుగ దీపస్తంభాలు, వెలుస్తాయి. నాయకులు యూదులతో కలిసి దీపాలు వెలిగిస్తారు, ఫొటోలు పత్రికలకెక్కుతాయి. సంతోషమే. కానీ ఒక చిన్న సమాజానికి అండగా ఉండటమంటే ఏమిటో 1993లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిల్లింగ్స్ అనే ఊరు చూపించింది. దానితో పోలిస్తే ఈ వేడుకలు నాకు చాలా తేలికైన పనిగా కనిపిస్తాయి.

హనుక్కా దీపం నలుగురికీ కనబడాలన్నది యూదు ధర్మశాస్త్రం నియమం. గుమ్మం దగ్గరో, వీధివైపు కిటికీలోనో పెట్టాలి. ఆ వెలుతురును సొంత పనికి వాడుకోకూడదు. అందుకే ఎనిమిది దీపాలకు తోడు, వాటిని వెలిగించడానికి షమాష్ అనే తొమ్మిదో దీపం విడిగా ఉంటుంది. ఇంత పట్టుగా చెప్పిన తాల్ముద్ అనే యూదు ధర్మగ్రంథం ఒక మినహాయింపు కూడా ఇచ్చింది: ప్రమాదకాలంలో దీపాన్ని ఇంట్లో బల్లమీద పెట్టుకుంటే చాలు. ఆ ఒక్క మాటలో తరతరాల భయం ఉంది. మెనోరా కిటికీలో ఉందా, బల్లమీదికి చేరిందా అన్నది చూస్తే, ఆ ఊళ్లో యూదులు ఎంత నిశ్చింతగా బతుకుతున్నారో తెలిసిపోతుంది.

బిల్లింగ్స్‌లో యూదులు కొద్దిమందే. ఆ ఏడాది అక్కడ జాత్యహంకార ముఠాలు పెచ్చుమీరాయి. యూదుల శ్మశానంలో సమాధిరాళ్లు కూలదోశాయి. ఒక ఆదివాసీ మహిళ ఇంటి గోడలమీద స్వస్తిక గుర్తులు, బూతులు రాస్తే, ఊళ్లోని పెయింటర్లు స్వచ్ఛందంగా వచ్చి రంగులు వేసిపోయారు. డిసెంబరులో ఒక యూదు కుటుంబం కిటికీలో మెనోరా బొమ్మ పెట్టింది. అది చిన్న పిల్లవాడి గది. రాత్రివేళ ఆ అద్దాన్ని పగలగొట్టుకుంటూ రాయి లోపలికి వచ్చిపడింది. పండుగ గుర్తులు తీసేయడం మంచిదని పోలీసు అధికారి సలహా ఇచ్చాడు. అంటే, దీపాన్ని బల్లమీదికి మార్చుకోమన్నమాట. ఆ మాట బిడ్డకు ఎలా చెప్పాలని తల్లి అడిగింది.

ఆ ప్రశ్న పత్రికలో వచ్చాక ఊరు కదిలింది. చర్చిల్లో పిల్లలకు మెనోరా బొమ్మలు పంచారు. స్థానిక దినపత్రిక బిల్లింగ్స్ గెజిట్ పూర్తి పేజీ మెనోరా బొమ్మ అచ్చువేసి, కిటికీలకు అంటించుకోమంది. క్రైస్తవ ఇళ్ల కిటికీల్లో వేల సంఖ్యలో మెనోరాలు కనిపించాయి. దుండగులు ఊరుకోలేదు. యూదులకు శుభాకాంక్షలు చెబుతూ బోర్డు పెట్టిన క్యాథలిక్ పాఠశాలపై కాల్పులు జరిగాయి, మరికొన్ని అద్దాలు పగిలాయి. అయినా మెనోరాలు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఏ ఇల్లు యూదులదో గుర్తుపట్టలేని స్థితి వచ్చింది. తమ ఇంటి అద్దం పగిలినా సరేననుకున్న ఈ మనుషుల ధైర్యాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ఇక్కడొక చిక్కు లేకపోలేదు. హనుక్కా అంటేనే ఇతరులలో కలిసిపోవడానికి ఒప్పుకోని వారి పండుగ. అప్పట్లో యూదులను ఏలుతున్న గ్రీకు సెల్యూసిడ్ వంశపు రాజు నాలుగో అంటియోకస్ సున్నతిని, వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతును నిషేధిస్తే మక్కబీయులనే యూదు యోధులు తిరగబడ్డారు. క్రీ.పూ. 164లో జెరూసలేం ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. అలాంటి పండుగను 'యూదుల దీపావళి' అని మనలో కలిపేసుకోవడం నాకు నచ్చదు. దీపం ముందు చదివే ఆశీర్వచనాలు వారివి. పిలిస్తే వెళ్లి, పక్కన నిలబడి విని, పెట్టిన లాట్కెలు (బంగాళదుంప అట్లు) తిని రావడం అతిథి మర్యాద. బిల్లింగ్స్ జనం ఆ పండుగ తమదనలేదు. దాని మీదికి వచ్చిన ఆపదను మాత్రం పంచుకున్నారు.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది, వారికొక ప్రార్థనామందిరమూ ఉంది. వారు మాదిగ కుటుంబాల వారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వారిని యూదులుగా గుర్తించలేదు. న్యూజెర్సీలో యూదు పొరుగువారి ఇంటికి సంతోషంగా వెళ్లే తెలుగువారు, కొత్తరెడ్డిపాలెంలో ఆ గుమ్మం తొక్కుతారా? అక్కడ అడ్డుపడేది మతం కాదు, కులం. బిల్లింగ్స్‌ను మెచ్చుకునే మనం ముందుగా జవాబు చెప్పవలసింది ఈ ప్రశ్నకే.